సర్జన్‌ని అడగండి: జుట్టు ముద్ద, తొడనొప్పి, పప్పన్నం

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే ఎప్పుడూ వచ్చే పైల్సు, గాల్‌బ్లాడర్ రాళ్లు తక్కువ, "ఇలాంటి జబ్బు మా ఊళ్లో ఎవరూ వినలేదండీ" అని మొదలయ్యేవే ఎక్కువ. ఆరు ఏరాను. పేర్లు తీసేశాను. నేను ఉత్తరం చదివి చెబుతున్నాను కాబట్టి, పొట్ట మీద చెయ్యి పెట్టి చూసిన డాక్టరు మాట నా మాటకి భిన్నంగా ఉంటే ఆయన మాటే వినండి.

డాక్టరు గారూ, మా అమ్మాయికి పదమూడేళ్లు. ఆర్నెల్ల నుంచి నాలుగు ముద్దలు తింటే చాలు కడుపు నిండిపోయిందంటుంది. వాంతులు. రక్తం 7 గ్రాములే ఉంది. గ్యాస్ మాత్రలు, నులిపురుగుల మందు, దిష్టి తీయించడం అన్నీ అయ్యాయి. చివరికి ఎండోస్కోపీ చేసి కడుపులో జుట్టు ముద్ద ఉంది, ఆపరేషన్ చేయాలి అన్నారు. పిల్ల జుట్టు తింటుంటే తల్లికి తెలియదా అని మా అత్తగారు అందరి ముందూ అంటున్నారు. పైపుతోనే తీయలేరా? మళ్లీ వస్తుందా? – ఒక తల్లి, తెనాలి

ముందు మీ అత్తగారి మాట పక్కన పెట్టండమ్మా. ఈ పిల్లలు మన ఎదురుగా తినరు. దుప్పటి కప్పుకుని, పుస్తకం అడ్డం పెట్టుకుని, బాత్రూంలో, ఒక్కో వెంట్రుకా లాగి నోట్లో వేసుకుంటారు, కొందరికైతే తాము చేస్తున్నట్టు కూడా తెలియదు. దువ్వెన పళ్లలోంచి తీసి తినే పిల్లని కూడా చూశాను. తల్లికి కనిపించేది మహా అయితే పాపిడి దగ్గర పలచబడిన చోటు, దాన్ని మనం షాంపూ మీదకో బోరు నీళ్ల మీదకో తోసేస్తాం.

జుట్టు మన కడుపులో కరగదు. అంత ఘాటైన ఆమ్లం కూడా దాన్ని ఏమీ చేయలేదు. పైగా నున్నగా ఉంటుంది కాబట్టి జఠరం దాన్ని పట్టుకుని ముందుకు తోయలేక మడతల్లో వదిలేస్తుంది, అక్కడ ఒకదానికొకటి చిక్కుపడి, అన్నం మెతుకులు, పాల విరుగుడు, జిగురు అన్నీ పట్టుకుని నెలల తరబడి పెరుగుతుంది. పిల్ల జుట్టు ఏ రంగుదైనా లోపలి ముద్ద నల్లగానే తయారవుతుంది. నేను పీజీ చేసే రోజుల్లో మొదటిసారి ఇలాంటిది తీసి ట్రేలో పెడితే అచ్చం జఠరానికి అచ్చు పోసినట్టు ఉంది, ఆ వాసన మాత్రం రెండు రోజులు ముక్కు వదల్లేదు. ఆ పిల్ల దగ్గర నోటి వాసన వస్తోందని వాళ్లమ్మ ఏడాదిగా చెబుతూనే ఉంది, అందరం పళ్ల డాక్టరు దగ్గరికి పంపాం.

పైపుతో తీయొచ్చా అంటే, చిన్నదైతే ఒక్కోసారి వీలవుతుంది. కానీ మీరు చెప్పినట్టు నాలుగు ముద్దలకే కడుపు నిండుతోందంటే ముద్ద పెద్దదే అయి ఉంటుంది. కొబ్బరి పీచు గట్టిగా చుట్టి కుక్కినట్టుంటుంది, ముక్కలు చేయబోతే ఒక ముక్క జారి చిన్నపేగులో ఇరుక్కుంటుంది, ఒక ప్రమాదానికి రెండు ప్రమాదాలు. జఠరం మీద చిన్న కోత పెట్టి మొత్తం ఒకేసారి తీసి కుట్టేయడమే శుభ్రమైన పద్ధతి. అన్నీ సవ్యంగా ఉంటే సాధారణంగా వారం అటూ ఇటూగా ఇంటికి వచ్చేస్తారు.

ఒక్కటి మాత్రం సర్జన్‌ని నోరు తెరిచి అడగండి: "తోక ఉందా?" కొందరిలో ఈ ముద్దకి జడలాగా తోక పెరిగి చిన్నపేగులోకి దిగిపోతుంది. దీన్ని రపుంజెల్ సిండ్రోమ్ అంటారు, పొడుగు జడ వేలాడదీసిన జర్మన్ కథలోని అమ్మాయి పేరు అది. 1968లో ఆ పేరుతో మొదటిసారి రాశారు. తోక తెగి లోపల మిగిలితే పేగు మూసుకుపోవచ్చు, కన్నం పడొచ్చు, అందుకే కడుపు తెరిచినప్పుడు పేగంతా చేత్తో తడిమి చూస్తారు. రక్తం 7 గ్రాములు అంటే ఆపరేషన్‌కి ముందు దాన్ని పెంచాలా, ఎలా పెంచాలి అనేది మత్తు డాక్టరు చెబుతారు. ఐరన్ లోపం ఉన్న పిల్లలకి మట్టి, బలపం, బియ్యం, జుట్టు లాంటివి తినాలనిపిస్తుంది, తిన్నాక ఆ ముద్ద వల్ల తిండి వంటబట్టక ఐరన్ ఇంకా పడిపోతుంది, ఏది ముందు ఏది వెనక అనేది చాలాసార్లు తేలదు. ఖర్చు సంగతి మీరు రాయలేదు గానీ, కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ (మన జనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటారు) హెల్ప్ డెస్కులో అడ్మిషన్ రోజే అడగండి, డిశ్చార్జి రోజు కాదు.

మళ్లీ వస్తుందా అంటే, వస్తుంది, అలవాటు అలాగే ఉంటే. మేము ముద్ద తీస్తాం, అలవాటు తీయడం మా కత్తి వల్ల కాదు. సైకియాట్రిస్టుని గానీ పిల్లల సైకాలజిస్టుని గానీ డిశ్చార్జికి ముందే కలిపించండి. తిరుపతిలో గుండు చేయిస్తే సరిపోతుంది కదా అని ఒక తల్లి నన్ను అడిగింది. మొక్కు ఉంటే చేయించండి, శిక్షగా మాత్రం వద్దు, జుట్టు దొరక్కపోతే తివాచీ దారాలు, చెల్లెలి జుట్టు తిన్న పిల్లలున్నారు. చివరిగా, ఆపరేషన్ అయ్యాక ఆ ముద్ద ఫొటో మీ ఆయన ఫోన్‌లోకి వస్తుంది. ఫ్యామిలీ గ్రూపులో పెట్టనివ్వకండి. పదేళ్ల తర్వాత ఆ పిల్ల పెళ్లిలో కూడా ఎవరో ఒకరు ఆ ఫొటో తీస్తారు.

నేను డాలస్‌లో ఉంటాను. అమ్మ ఖమ్మం దగ్గర ఊళ్లో ఒక్కతే. 78 ఏళ్లు, 38 కిలోలు. మూడు నెలలుగా కుడి తొడ లోపలి వైపు నుంచి మోకాలి దాకా నొప్పి వస్తూ పోతూ ఉంటే ఎక్స్‌రే తీసి అరుగుదల అన్నారు. తర్వాత వాంతులు మొదలయ్యాయి. ఒక చిన్న ఆస్పత్రిలో మూడు రోజులు గ్యాస్ ఇంజెక్షన్లు, సెలైన్లు. పొట్ట ఉబ్బాక వేరేచోట సీటీ తీసి "అబ్ట్యురేటర్ హెర్నియా" అని అర్ధరాత్రి ఆపరేషన్ చేసి ఒక అడుగు పేగు తీసేశారు. అమ్మ బతికింది. హెర్నియా అంటే పైకి బుడిపె కనిపించాలి కదా? ముందే ఎందుకు కనిపెట్టలేదు? కేసు వేయమంటారా?

మీ అమ్మగారు బతికి బయటపడ్డారు, ఈ జబ్బులో ఆ వయసుకి అది చిన్న విషయం కాదు.

ఈ హెర్నియాకి పైకి బుడిపె కనిపించదు, అదే దీంతో వచ్చిన తంటా. కటి ఎముకలో రెండు వైపులా ఒక్కో పెద్ద కన్నం ఉంటుంది, దాన్ని ఒక పొర మూసి ఉంచుతుంది, ఆ పొరలో ఒక మూల చిన్న సందు గుండా ఒక నరం, రక్తనాళాలు తొడలోకి వెళ్తాయి. మామూలు మనిషిలో ఆ సందుని కొవ్వు పూడ్చి ఉంచుతుంది. మనిషి చిక్కిపోతే ఆ కొవ్వూ కరిగిపోతుంది. అందుకే ఇది బక్కచిక్కిన ముసలమ్మలకి ఎక్కువగా వస్తుంది, ఆడవాళ్లలో కటి వెడల్పు కావడం, కాన్పులు కూడా కారణాలే. పేగు ఆ సందులో దూరినప్పుడు పక్కనే ఉన్న నరం నలిగి తొడ లోపలి నుంచి మోకాలి దాకా నొప్పి వస్తుంది, పేగు దానంతటది వెనక్కి వస్తే నొప్పి పోతుంది. కాలు ముడుచుకుంటే హాయి, చాపి లోపలికి తిప్పితే ప్రాణం పోతుంది. హౌషిప్, రోంబర్గ్ అనే ఇద్దరి పేర్లతో ఈ గుర్తు పాఠాల్లో ఉంటుంది గానీ అందరు రోగుల్లోనూ కనిపించదు, కనిపించినా 78 ఏళ్ల మనిషి మోకాలు నొప్పి అంటే వందకి తొంభైతొమ్మిది మంది డాక్టర్లు మోకాలే చూస్తారు. నేనూ అంతే చేసేవాడినేమో. హెర్నియాలన్నిటిలో ఇది నూటికి ఒకటి కూడా ఉండదు.

కాబట్టి మోకాలు అనుకున్నందుకు వాళ్లని నేను తప్పు పట్టను. తర్వాతి మూడు రోజుల సంగతి వేరు. అంతకుముందు పొట్ట ఆపరేషన్ ఏదీ కాని సన్నటి ముసలావిడ, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం, కింద నుంచి గాలి కూడా పోవడం లేదు అంటే పేగు ఎక్కడో ఇరుక్కుందని అనుమానించి, కనీసం ఒక ఎక్స్‌రే తీయాలి, లేదా సీటీ ఉన్న చోటికి పంపాలి. గాలి పోవడం లేదని వాళ్లకి ఎవరైనా చెప్పారా, వాళ్లు అడిగారా అనేది కేసు షీటులో ఉంటుంది. కోర్టు సంగతి తర్వాత, ముందు కేసు షీటు నకలు అడగండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం రోగి గానీ రోగి తరఫువాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. అవి ఈ గొడవతో సంబంధం లేని ఒక సర్జన్‌కి చూపించి అప్పుడు నిర్ణయించుకోండి. కోపంతో ఇప్పుడే వద్దు.

ఇంకో రెండు సంగతులు. ఒకటి, ఈ సందు రెండో వైపు కూడా వదులుగా ఉండే అవకాశం ఉంది, దాన్ని చూశారా అని ఆపరేషన్ చేసినాయన్ని అడగండి. రెండోది మీకు. ఫోన్‌లో "అమ్మా బాగున్నావా" అంటే ఆవిడ "బాగానే ఉన్నా నాన్నా" అనే అంటుంది, చచ్చేంత నొప్పి ఉన్నా. పొద్దున ఏం తిన్నావు, విరేచనం అయిందా, నిన్న గుడికి నడిచి వెళ్లావా అని అడగండి. ఆ జవాబుల్లో తేడా తెలుస్తుంది.

హెర్నియా ఆపరేషన్‌కి వెళితే "హెర్నియా సంచిలో అపెండిక్స్ ఉంది, వాచి ఉంది, తీసేశాం, అందుకే మెష్ వేయలేదు" అన్నారు. మెష్‌కి ముందే డబ్బు కట్టించుకున్నారు, అపెండిక్స్‌కి అదనంగా మళ్లీ బిల్లు వేశారు. ఇలా నిజంగా ఉంటుందా, లేక మమ్మల్ని పిచ్చివాళ్లని చేశారా? – కరీంనగర్

ఉంటుంది. నమ్మబుద్ధి కాదు గానీ ఉంటుంది. దాన్ని అమ్యాండ్ హెర్నియా అంటారు. 1735లో లండన్ సెయింట్ జార్జ్ ఆస్పత్రిలో క్లాడియస్ అమ్యాండ్ అనే సర్జన్, పదకొండేళ్ల కుర్రాడికి గజ్జల్లో హెర్నియా తెరిస్తే అందులో అపెండిక్స్ కనిపించింది. వాడెప్పుడో మింగిన గుండుసూది దానికి కన్నం పెట్టింది. తీసేశాడు, కుర్రాడు బతికాడు. మత్తుమందు రావడానికి ఇంకా వందేళ్ల పైన ఉంది, ఈథర్ వచ్చింది 1846లో, ఆ పిల్లవాడి పాట్లు ఊహించుకోవడం కూడా కష్టం. రికార్డుల్లో ఉన్నంతవరకు ప్రపంచంలో విజయవంతమైన మొదటి అపెండిక్స్ ఆపరేషన్ అదే, అంటే అపెండిక్స్ ఆపరేషన్ చరిత్ర మొదలైందే మీకొచ్చిన ఈ అరుదైన కేసుతో.

మెష్ వేయకపోవడం కూడా సబబే. చీము ఉన్న చోట ప్లాస్టిక్ వల పెడితే అది చీముపట్టి మళ్లీ తీయాల్సి వస్తుంది, అందుకే దారంతోనే కుడతారు. అదే అపెండిక్స్ మామూలుగా ఉంటే, ముట్టుకోకుండా లోపలికి తోసి మెష్ వేసేస్తారు.

మిమ్మల్ని పిచ్చివాళ్లని చేశారో లేదో తేల్చేది బయాప్సీ రిపోర్టు. తీసిన అపెండిక్స్‌ని పరీక్షకి పంపడం మామూలు పద్ధతి, ఆ రిపోర్టు, ఆపరేషన్ నోట్స్ అడగండి, రిపోర్టులో వాపు ఉందని ఉంటే ఆయన మాట నిజం. మెష్ సంగతంటారా, వాడిన మెష్ ప్యాకెట్ స్టిక్కర్ కేసు షీటులో అంటిస్తారు. వాడలేదు కాబట్టి స్టిక్కర్ ఉండదు, కట్టిన డబ్బు వెనక్కి అడగండి, మొహమాటపడకండి. మెష్ లేని కుట్టు కాబట్టి మళ్లీ జారే అవకాశం కాస్త ఎక్కువ. దగ్గు, మలబద్ధకం, మూత్రానికి ముక్కడం, ఈ మూడింటికీ ముందు మందు వాడుకోండి. బియ్యం బస్తా ఎత్తేముందు మీ సర్జన్‌ని అడగండి.

నేను ఇంజనీరింగ్ హాస్టల్లో ఉంటాను. ఎడమవైపు వృషణంలో రాత్రి రెండింటికి భయంకరమైన నొప్పి, వాంతి వచ్చింది, గంటకి తగ్గింది. ఇది మూడోసారి. ఎవరికి చెప్పాలో తెలియడం లేదు.

నాయనా, ఈ పత్రిక నీ చేతికొచ్చేసరికి ఆలస్యం కాకూడదని నీకు విడిగా కూడా జవాబు పంపాను. ఇది బీజం మెలిపడటం లాగుంది, తాడు మీద లోలకం తిరిగినట్టు తిరిగి, అదృష్టం కొద్దీ మూడుసార్లూ దానంతటదే విడింది. నాలుగోసారి విడకపోతే రక్తం ఆగిపోతుంది. ఆరు గంటల లోపు విప్పితే చాలావరకు దక్కుతుంది, ఆ తర్వాత గంట గంటకీ ఆశ తగ్గిపోతుంది, రోజు గడిస్తే తీసేయడమే. నొప్పి లేకపోయినా రేపే సర్జన్‌నో యూరాలజిస్టునో కలువు, చిన్న ఆపరేషన్‌తో రెండు వైపులా తిరగకుండా కుట్టేస్తారు. మళ్లీ నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకు, 108కి ఫోన్ చెయ్, వార్డెన్‌ని లేపు. "కడుపునొప్పి" అని చెప్పకు, సిగ్గుపడి అలా చెప్పిన కుర్రాళ్లకి అల్ట్రాసౌండ్ పొట్టకి తీసి గ్యాస్ మాత్రలిచ్చి పంపేసిన సంగతులు నాకు తెలుసు. ఎక్కడ నొప్పో ఆ మాటే చెప్పు.

ఉద్యోగం మెడికల్ టెస్టులో ఎక్స్‌రే తీస్తే గుండె కుడివైపు ఉందన్నారు. లివర్ ఎడమవైపు. ప్రమాదమా? – విజయనగరం

అవయవాలన్నీ అద్దంలో చూసినట్టు తారుమారుగా ఉంటే మామూలుగా ఏమీ కాదు, సుమారు పది వేల మందిలో ఒకరికి ఇలా ఉంటుంది. చిన్నప్పటి నుంచీ జలుబు, సైనస్, దగ్గు వదలకుండా ఉంటే మాత్రం ఊపిరితిత్తుల డాక్టరుకి చెప్పండి, కొందరిలో ఆ రెండూ కలిసి ఉంటాయి. అపెండిక్స్ నొప్పి మీకు ఎడమవైపు రావొచ్చు, ఈసీజీ కూడా తికమకగా వస్తుంది. ఒక చీటీ మీద రాసి ఆధార్ కార్డు వెనక పెట్టుకోండి, ఇంట్లోవాళ్లకీ చెప్పండి, స్పృహ తప్పినప్పుడు మీరు చెప్పలేరు కదా.

మావారికి 62. పేగులోకి పేగు దూరిందని ఆపరేషన్ చేసి కొంత పేగు తీశారు. ఇవాళ నాలుగో రోజు. నిన్న రాత్రి గోడ మీద పాములు పాకుతున్నాయని, నన్ను "ఎవరు నువ్వు" అని, గొట్టాలు పీకబోయారు. గాలి సోకిందని మా తోడికోడలు తాయెత్తు కట్టింది. పప్పు పెడితే కుట్లు చీము పడతాయంటోంది. నాలుగు రోజులుగా కుర్చీలోనే ఉంటున్నాను. నేనేం చేయాలి? – అనకాపల్లి

అమ్మా, మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది పాముల సంగతి. పెద్దాపరేషన్ తర్వాత పెద్దవాళ్లకి ఇలా అవుతుంది, ముఖ్యంగా రాత్రిపూట. మతి పోవడం కాదు, గాలి సోకడం అంతకంటే కాదు. అలా అని ఊరుకోకూడదు కూడా. డ్యూటీ డాక్టర్‌కి "నిన్న రాత్రి నుంచి కొత్తగా ఇలా మాట్లాడుతున్నారు" అని ఇదే మాటగా చెప్పండి. ఆక్సిజన్, షుగరు, ఒంట్లో ఉప్పు శాతం, జ్వరం, మూత్రం ఆగడం, నొప్పి మందులు, లోపల కుట్టు దగ్గర ఏమైనా తేడా, ఇవన్నీ వాళ్లు చూస్తారు. ఇంకో మాట, మీరు రాయలేదు, నేనే అడుగుతున్నాను. ఆయనకి రోజూ మందు తాగే అలవాటు (సారా, బ్రాందీ లాంటివి) ఉందా? ఉంటే దాచకండి. హఠాత్తుగా ఆగిపోతే రెండో రోజు, మూడో రోజు నుంచి సరిగ్గా ఇలాంటి పాములే కనిపిస్తాయి, దానికి వేరే మందు ఉంటుంది, చెప్పకపోతే ప్రాణం మీదకొస్తుంది. బంధువుల ముందు చెప్పలేకపోతే నర్సుని పక్కకి పిలిచి చెప్పండి.

ఆయన కళ్లజోడు ఇంట్లోనే ఉండిపోయి ఉంటుంది, తెప్పించండి. చెవి మిషను ఉంటే అదీ. గోడ గడియారం కనిపించేలా మంచం తిప్పమనండి, పగలు కిటికీ తెరవండి, రాత్రి దీపం చిన్నది చాలు. "ఇది ఆస్పత్రి, ఇవాళ శుక్రవారం, ఆపరేషన్ అయింది" అని మెల్లగా చెప్పండి, పాములు లేవని వాదించకండి. తాయెత్తు సెలైన్ సూదికి అడ్డం రాకపోతే ఉండనివ్వండి, నాకు దాంతో పేచీ లేదు.

పప్పు సంగతి. పప్పుకీ చీముకీ సంబంధం లేదు. ఈ మాట నా సర్వీసంతా విన్నాను, పప్పు, గుడ్డు, వంకాయ అన్నీ మాన్పించి పాలు, బ్రెడ్డు, ఇడ్లీ మీద నెల రోజులు ఉంచి, గాయం మానడం లేదని తీసుకొచ్చేవారు. మానడానికి కావాల్సింది ఆ పప్పులో, గుడ్డులో ఉన్న మాంసకృత్తులే. అయితే ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్ చెప్పాలి, పేగు కోసి కలిపారు కదా. ఆయన నోటికి ఏమీ ఇవ్వద్దు అన్న రోజుల్లో బాధ చూడలేక స్టీలు గ్లాసులో కొబ్బరినీళ్లు దొంగతనంగా తాగించిన భార్యల్ని చూశాను. అలా చేయకండి.

ఊపిరి కసరత్తుకని ఆ మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి ఉంటారు. ముప్పావు మంది దాన్ని బుడగలాగా ఊదుతారు. ఊదడం కాదమ్మా, పీల్చాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పదేసి సార్లు గట్టిగా లోపలికి పీల్పించండి, దగ్గేటప్పుడు దిండు పొట్టకి ఆనించి పట్టుకోమనండి. గాలి పోయిందా, మూత్రం ఎంత, ట్యూబులో వచ్చే నీటి రంగు మారిందా, ఇవి టైముతో సహా ఒక చిన్న నోట్‌బుక్‌లో రాయండి, రౌండ్స్‌లో డాక్టరు రెండు నిమిషాలే ఉంటారు, ఆ రెండు నిమిషాల్లో మీ పుస్తకం మీ కన్నా బాగా మాట్లాడుతుంది.

పేగులోకి పేగు దూరడం చిన్నపిల్లల్లోనే ఎక్కువ. పెద్దవాళ్లలో వస్తే ఏదో ఒక గడ్డో, కంతో దాన్ని లాగి ఉండే అవకాశం ఎక్కువ, అందుకే తీసిన పేగు ముక్క బయాప్సీకి వెళ్తుంది. ఆ రిపోర్టు రావడానికి వారం పది రోజులు పట్టొచ్చు, ఈలోగా డిశ్చార్జి అయిపోయి ఇంటికెళ్లి మర్చిపోయేవాళ్లు బోలెడుమంది. నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసుకోండి, బయాప్సీ తీసుకోవాలి అని.

ఇవాళ రాత్రికి తోడికోడల్ని కుర్చీలో కూర్చోమని, మీరు ఇంటికెళ్లి పడుకోండి. తాయెత్తు కట్టేంత ప్రేమ ఉన్న మనిషి ఒక రాత్రి కాపలా కూడా కాస్తుంది. అన్నట్టు, ఆయన మందుల చీటీ అంతా వివరంగా రాశారు, కింద "నాకూ బీపీ ఉంది" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఈ నాలుగు రోజులూ మీ మాత్ర వేసుకున్నారా?